నవమి నాడు కోసిన తొమ్మిది పూలు

నేను బుద్ధెరిగాక చేసిన దొంగతనం ఒక్కటే. అదీ దేవుడి కోసం చేశాను. చేస్తున్నప్పుడు అది దొంగతనమని నాకు తెలియదు. తెలిశాక మాత్రం అన్నం సహించలేదు, తలుపు ఎవరు తట్టినా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు. మా ఆయన కూడా నవ్వుతారు, అప్పుడు తను నాకన్నా ఎక్కువ వణికిన సంగతి మరిచిపోయి.

అది 2002. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పెళ్ళయి నేను ఆ దేశంలో దిగిన మూడు వారాలకే న్యూయార్క్‌లో ఆ రెండు భవనాలు కూలాయి. అప్పటినుంచి మా ఇంట్లో భయం మూడో మనిషిలా కాపురం పెట్టింది. మా ఆయన హెచ్-వన్ వీసా మీద ఉన్నారు, రోజూ పొద్దున్నే రైలెక్కి షికాగోలో ఆఫీసుకి వెళ్ళేవారు. నేను ఆయన వెనకాల హెచ్-ఫోర్. ఆయన ఉద్యోగం పోతే ఇద్దరం పెట్టె సర్దుకోవలసిందే. ఆఫీసులో వారానికొకరి కుర్చీ ఖాళీ అవుతోంది. మా గ్రీన్ కార్డు కాగితాలు ఎక్కడో ఏదో బల్ల మీద ఉన్నాయి. అవి కదిలేదాకా ఎవరి కంటా పడకూడదని మా ఆయన సిద్ధాంతం. కారుని స్పీడ్ లిమిట్ కన్నా ఐదు మైళ్ళు తక్కువలో నడిపేవారు. వెనక కార్లవాళ్ళు హారన్ కొడితే వాళ్ళకి కూడా చెయ్యెత్తి సారీ చెప్పేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ భయం నాకూ అంటుకుంది, జలుబు అంటుకున్నట్టు.

పూల సంగతి చెప్పాలంటే ముందు మా బాపట్ల సంగతి చెప్పాలి. మా వీధిలో పూజ చేసుకునే ఆడవాళ్ళంతా తెల్లవారుతూనే పూలసజ్జలు పట్టుకుని బయలుదేరేవారు. ప్రహరీ గోడ మీంచి ఏ కొమ్మ వంగితే ఆ కొమ్మ పూలు కోసుకునేవారు. నందివర్ధనాలు, గన్నేరు, మందారాలు. ఇంటావిడ చూస్తే, 'మాకూ కాసిని ఉంచండమ్మా' అనేది, అంతే. దేవుడి పూలకు దొంగతనం లేదని మా అమ్మమ్మ ధర్మశాస్త్రం. దానికి ఒకే ఒక్క షరతు ఉండేది: విచ్చని మొగ్గను ముట్టుకోకూడదు. నేను ఆరేళ్ళప్పటినుంచి ఆవిడ వెనకాల సజ్జ మోశాను.

ఆ ఏడు శ్రీరామనవమి ఆదివారం వచ్చింది. ముందు రోజు కొట్లోంచి తెచ్చిన పూలు ఫ్రిజ్‌లో గడ్డకట్టి, పొద్దున తీసేసరికి ఉడికిన తోటకూరలా వేలాడాయి. కొత్త కాపురంలో మొదటి నవమి, దేవుడికి పువ్వు లేదు. మా ఆయన ఇంకా పడుకునే ఉన్నారు. స్వెటర్ మీద కోటు వేసుకుని, స్టీలు గిన్నె ఒకటి పట్టుకుని బయటికి వచ్చాను. చెట్లన్నీ ఇంకా మోడులే. స్టేషన్‌కి వెళ్ళే దారిలో మలుపు మీద ఒక ఇల్లు ఉంది. ఆ దేశంలో ఇళ్ళకు గోడలుండవు కదా, ఎక్కడ రోడ్డు అయిపోతుందో ఎక్కడ ఇల్లు మొదలవుతుందో నాకు తెలిసేది కాదు. ఆ ఇంటి ముందు రాళ్ళు పేర్చిన చిన్న దిబ్బ. ఆ రాళ్ళ సందుల్లో జానెడు కూడా లేని కాడలు, వాటి చివర నక్షత్రాల్లా విచ్చుకున్న పూలు. మధ్యలో పసుపు, రేకుల కొనలు తెలుపు. గడ్డిపూలనుకున్నాను. ఎవరూ నాటినట్టు లేవు, ఎవరూ నీళ్ళు పోసినట్టు లేవు. మొత్తం పది ఉన్నాయి. నవమి కదా అని తొమ్మిది కోశాను. పదోది మొగ్గ, దాని జోలికి పోలేదు.

వంటింటి అలమరలో దేవుడి పటం ముందు ఆ తొమ్మిదీ పెట్టి, కుంకుమ, అక్షింతలు వేసి, పానకం, వడపప్పు నైవేద్యం పెట్టాను. ఆ దేశం వచ్చాక అంత తృప్తిగా ఉన్న రోజు ఇంకోటి లేదు. మా ఆయన పానకం రెండు గ్లాసులు తాగారు. పూలు ఎక్కడివని అడగలేదు. మగవాళ్ళకి పూలు వాటంతటవే వస్తాయి.

సోమవారం సాయంత్రం ఆయన స్టేషన్ నుంచి నడిచి వచ్చి, బూట్లు విప్పుతూ అన్నారు.

"ఆ కార్నర్ హౌస్ లేదూ, అక్కడ ఎవరో పూలు కోసేశారట. ఆ ఇంటి ముసలాయన మెయిల్‌బాక్స్ పోస్ట్‌కి నోట్ అంటించాడు. ఏడేళ్ళు వెయిట్ చేశాను, కోసినవాళ్ళు వచ్చి నాతో మాట్లాడండి అని. పాపం, ఎవరో పిచ్చోళ్ళు."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా కొంగు మీదికి పోయింది. మా ఆయన అటు తిరిగి అలమరలో ఉన్న పూలను చూశారు. ఇటు తిరిగి నన్ను చూశారు. బూటు ఒకటి చేతిలోనే ఉండిపోయింది.

"నువ్వా?"

"గడ్డిపూలనుకున్నానండీ."

"ఎవరైనా చూశారా?"

ఆయన మొదట అడిగిన మాట అదే. ఎందుకు కోశావని కాదు. కర్టెన్లు లాగేశారు. తర్వాత సోఫాలో కూర్చుని, గొంతు తగ్గించి, చదువుకున్న మనిషి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పారు. అది ట్రెస్‌పాసింగ్. అది థెఫ్ట్. ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, దానికి అవునని టిక్ పెడితే అంతే సంగతులు. టిక్ పెట్టకపోతే అబద్ధం, అది ఇంకా ఘోరం.

"ముందు ఆ పూలు ఫ్లష్ చేసెయ్," అన్నారు.

"దేవుడి పూలు టాయిలెట్‌లోనా!"

"అయితే ట్రాష్‌లో వెయ్."

"నిర్మాల్యం చెత్తలో వేస్తారాండీ ఎవరైనా? కాలికి తగలకూడదు. పారే నీళ్ళలో కలపాలి."

"రివర్‌లో పడేస్తే దానికి వేరే ఫైన్. అయితే ఏం చేద్దాం? ఎవిడెన్స్ ఇంట్లో పెట్టుకుని కూర్చుందామా?"

కూర్చున్నాం. ఒక గోధుమరంగు కాగితం సంచిలో నిర్మాల్యమంతా పోసి, మడిచి, బియ్యం డబ్బా వెనక దాచాను. మొండితనమే, ఒప్పుకుంటాను. భయం ఎంత ఉన్నా అమ్మమ్మ మాట దాటడానికి చెయ్యి రాలేదు.

మంగళవారం ఆయన వెళ్ళాక, ఇంట్లో ఉండలేక ఆ నోట్ నా కళ్ళతో చూద్దామని బయలుదేరాను. ఆ వీధి మలుపు తిరిగేసరికి పోలీసు కారు. సరిగ్గా ఆ ఇంటికి రెండిళ్ళ అవతల ఆగి ఉంది. ముసలాయన కర్ర ఆనించుకుని, నడుం వంచి, ఆ రాళ్ళ మధ్య ఏదో వెతుకుతున్నాడు. నా వేలిముద్రలు వెతుకుతున్నాడనిపించింది. నవ్వొస్తే నవ్వండి, రాళ్ళ మీద వేలిముద్రలుంటాయా అని అప్పుడు నాకు తట్టలేదు. వెనక్కి తిరిగాను. పరిగెడితే అనుమానం వస్తుందని నడిచాను. దగ్గర దారి వదిలేసి, బడి చుట్టూ తిరిగి, ముప్పావు గంటకి ఇల్లు చేరాను.

వచ్చిన పావుగంటకే తలుపు కొట్టారు.

దబదబా మూడు దెబ్బలు. మనవాళ్ళెవరూ అలా కొట్టరు. నేను స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నాను. మళ్ళీ కొట్టారు. ఏదో అరిచారు, చెవుల్లో రక్తం హోరుకి నాకేమీ వినపడలేదు. ఇంక పోతారనుకుంటుండగా తాళంలో తాళంచెవి తిరిగిన చప్పుడు. ఎవరో లోపలికి వచ్చారు. బరువైన బూట్లు. హాల్లో నడిచారు, వంటింట్లో నడిచారు. బియ్యం డబ్బా ఉన్న వైపు ఆగారు. నేను టబ్బులో ముడుచుకుని కూర్చుని, నోట్లో చున్నీ కుక్కుకున్నాను. అమ్మ గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. చేతులకు సంకెళ్ళు వేసి, ఇంటి బట్టలతో, మెట్ల మీంచి దింపుతుంటే పక్కింటివాళ్ళు చూస్తారే అన్నది ఒక్కటే గుర్తుకు వచ్చింది. ఏదో కీచుమంది. మళ్ళీ కీచుమంది. తర్వాత తలుపు మూసుకుంది.

చాలాసేపటికి బయటికి వస్తే వంటింటి గట్టు మీద అపార్ట్‌మెంట్ ఆఫీసువాళ్ళ చీటీ ఉంది. పొగ అలారం పరీక్ష చేసి, బ్యాటరీ మార్చామని. కుర్చీలో కూలబడి ఏడ్చాను. భయం తీరి కాదు, ఇంకా ఎన్నాళ్ళు ఇలా అని ఏడ్చాను. గ్రీన్ కార్డు రావడానికి నాలుగేళ్ళు పట్టొచ్చన్నారు. నాలుగేళ్ళు టబ్బులో కూర్చోలేను కదా.

బుధవారం మా ఆయనకి చెప్పకుండా వెళ్ళాను. పెద్దవాళ్ళింటికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కాబట్టి అరడజను అరటిపళ్ళు పట్టుకున్నాను. చెప్పవలసిన ఇంగ్లీషు మాటలు దారంతా వల్లెవేసుకున్నాను. బెల్లు నొక్కాక అవన్నీ ఆవిరైపోయాయి. తలుపు తీసిన మనిషి నిటారుగా ఉంటే ఆరడుగులు దాటేవాడేమో, కానీ భుజాల దగ్గర వంగిపోయాడు. నా ముఖం చూశాడు, అరటిపళ్ళు చూశాడు.

"మీ పూలు నేనే కోశాను. దేవుడికి," అన్నాను.

ఆయన మెడ దగ్గర మొదలై ఎరుపు నుదుటిదాకా పాకింది.

"తొమ్మిదీనా?"

"తొమ్మిదీ."

"అవి ఏమిటో తెలుసా నీకు?"

తెలియదన్నాను. ట్యూలిప్‌లు అన్నాడు. నేను నమ్మలేదు. ట్యూలిప్ అంటే నాకు తెలిసింది కేలండర్లలో గిన్నెలా, మోకాలెత్తున ఉండేది. ఇవి అడవి ట్యూలిప్‌లట. మధ్య ఆసియా కొండల మీద, మంచు కరిగే చోట, రాళ్ళ మధ్య వాటంతటవే పుట్టేవట. స్నేహితుడొకాయన ఎప్పుడో ఆ కొండల్లో ఏరిన గింజలు చిటికెడు పంపిస్తే, ఈయన మట్టిలో వేశాడు. మొదటేడు వెంట్రుకంత ఆకు వచ్చింది. రెండో ఏడు ఇంకొంచెం పెద్ద ఆకు. అలా ఏడేళ్ళు ఒట్టి ఆకులు చూశాడు. ఈ ఏడు మొదటిసారి పూశాయి. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడు. ఈ పూల నుంచి గింజ పడితే మళ్ళీ నాటుదామని చూస్తున్నాడు.

"ఏడేళ్ళు," అన్నాడు ఇంకోసారి. నా ముఖం మీదే తలుపు వేసేశాడు.

అరటిపళ్ళు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డాను. కిటికీలోంచి ఆయన లోపలికి, ఫోన్ ఉన్న బల్ల వైపు నడవడం కనిపించింది. అయిపోయిందనుకున్నాను. అంతలో తలుపు మళ్ళీ తెరుచుకుంది.

"అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"ఇంట్లో."

"పారేయలేదా?"

"లేదు. కాగితం సంచిలో పెట్టాను."

"నీళ్ళు తగిలాయా?"

"లేదు."

"తీసుకురా. అన్నీ. సంచి కుదపకు."

పోలీసులు వచ్చేలోపల సాక్ష్యం చేతికి రావాలని చూస్తున్నాడనుకున్నాను. ఇంటికి వచ్చి ముందు తలుపు గొళ్ళెం పెట్టి, మా ఆయన ఆఫీసుకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పేసరికి ఆయన గొంతు పూర్తిగా పడిపోయింది.

"కన్ఫెస్ చేశావా? నిన్నెవరు చెయ్యమన్నారు? కదలకు. తలుపు తియ్యకు. నేను నెక్స్ట్ ట్రెయిన్‌కి వచ్చేస్తున్నా. లాయర్‌తో మాట్లాడేదాకా ఎవరికీ ఏమీ ఇవ్వకు."

అరగంట కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. మా ఆయన చెప్పింది తెలివైన మాటే. ఆ సంచి ఇవ్వకపోతే నేను కోశాననడానికి రుజువు లేదు. కానీ వెంట్రుకంత ఆకుని చూస్తూ ఏడేళ్ళు కూర్చున్న మనిషి ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సిగ్గు అంటే ఏమిటో నాకు ఆ అరగంటలో తెలిసింది, భయం కన్నా అది లోతుగా దిగుతుంది. లేచి బియ్యం డబ్బా వెనక నుంచి సంచి తీశాను. రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని, తీసుకెళ్ళిపోయాను.

పెద్దాయన బయట రాళ్ళ పక్కన, ఒక పాత దిండు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భూతద్దం, పట్టకారు, బొమ్మలు వేసే సన్నటి కుంచె ఒకటి పక్కన పెట్టుకున్నాడు. పోలీసులు లేరు. నేను వదిలేసిన పదో మొగ్గ ఆ పొద్దున్నే విచ్చింది.

సంచి విప్పి చూశాడు. రేకులు వడలి, ఎండి, కాగితాల్లా అయ్యాయి. వేలితో ఒకటి తిప్పి, "ఈ ఎర్రటి పొడి ఏమిటి?" అన్నాడు.

"కుంకుమ."

"ఈ గింజలు?"

"బియ్యం. పసుపు కలిపినవి."

ఆయన ఆకాశం వైపు చూసి ఏదో గొణిగాడు. అది తిట్టే అయి ఉంటుంది. తర్వాత, నా వైపు చూడకుండా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. ఈ రకం పువ్వు తన పుప్పొడితో తను గింజ కట్టదు. ఇంకో పువ్వుది కావాలి. ఆ ఇంకో పూలన్నీ ఈ సంచిలో ఉన్నాయి. చెత్తలో వేసి ఉంటే, నీళ్ళలో కలిపి ఉంటే, ఇంతటితో సరి. పొడిగా ఉన్నాయి కాబట్టి ఏమో. మూడు రోజులయింది, చచ్చిపోయి ఉండొచ్చు కూడా.

పుప్పొడి ఉండే కేసరాలు ఒక్కొక్కటే పట్టకారుతో తీసి, కుంకుమ అంటనివి ఏరి, గాజు పలక మీద పెట్టడం మొదలుపెట్టాడు. పువ్వుకి ఆరు. తొమ్మిది పూలు. కుంకుమ ధారాళంగా వేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. గంట పైనే పట్టింది. ఆఖరికి కుంచె తీసుకుని పువ్వు దగ్గరికి వంగాడు. చెయ్యి వణికింది. ఆగాడు. మళ్ళీ వంగాడు, మళ్ళీ వణికింది. కుంచె నా చేతికి ఇచ్చాడు.

"నువ్వు చెయ్. నా చేతులు పనికిరావు."

నా చేతులు మాత్రం పనికొచ్చాయా? ఆ పువ్వు నడిమిన చిన్న ఆకుపచ్చ కాడ ఉంది, దాని కొసకి పుప్పొడి అంటించాలి. ఎక్కడ విరుగుతుందోనని ఊపిరి బిగపట్టాను. తొమ్మిదింటిని చంపిన చేతులు ఇవే కదా. సరిగ్గా అప్పుడే వీధి మలుపు నుంచి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. టై ఒక పక్కకి, లాప్‌టాప్ సంచి ఒక పక్కకి.

"సర్, సారీ సర్, షి డిడ్ నాట్ నో, సర్..."

"అక్కడ నిలబడు," అన్నాడు పెద్దాయన తల ఎత్తకుండా. "ఇంకొంచెం ఎడమకి. ఆ సంచి అడ్డం పెట్టు. గాలి వస్తోంది."

మా ఆయన లాప్‌టాప్ సంచి రెండు చేతులతో పట్టుకుని, గాలికి అడ్డంగా, కవాతులో సిపాయిలా నిలబడ్డారు. నేను కుంచె ఆనించాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అయ్యాక, లేవడానికి పెద్దాయనకి చెయ్యిచ్చి, ఎప్పటినుంచో గొంతులో ఉన్నది అడిగేశాను, పోలీసులకి చెప్పారా అని.

"పూల గురించా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

మా ఆయన ఆ మాటకి అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయారు.

భయం అంతటితో పోయిందని చెప్పను. చోటు మార్చుకుంది. రోజూ పొద్దున వెళ్ళి ఆ కాడ చూసేదాన్ని. రేకులు రాలాక చివర పచ్చటి బొడిపె మిగిలింది. కుందేలు కొరుకుతుందేమోనని భయం, వడగళ్ళు పడితే భయం. ఒక రోజు వానలో గొడుగు పట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. పెద్దాయన కిటికీలోంచి చూసి, నన్ను ఇంటికి పొమ్మని చెయ్యి ఊపాడు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. అరటిపళ్ళు బాగున్నాయని మాత్రం ఒకసారి అన్నాడు. మే నెలాఖరుకి బొడిపె ఉబ్బింది. జూన్‌లో ఎండి పగిలింది. లోపల ఎండుమిరపగింజల్లా పల్చటి గింజలు, దొంతరగా. కొన్ని ఒట్టి పొట్టు. మిగతావాటిని దీపం ముందు పెట్టి చూస్తే నడుమ చిన్న గీత కనిపించింది. అవి బతికినవట.

వాటికి చలి తగలాలట, అందుకని అక్టోబరులో నాటాం. పెద్దాయన ఇంటి వెనక వరండాలో, లోతు తక్కువ తొట్టిలో, మట్టిలో ఇసుక కలిపి. ఒక్కొక్క గింజ నేనే పెట్టాను. పెద్దాయన చెక్కముక్క మీద పెన్సిల్‌తో ఒక సంవత్సరం రాశాడు. 2009. అప్పటికి పూస్తాయన్నమాట. దాన్ని తొట్టి అంచున గుచ్చి, కాసేపు ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అప్పటికి నువ్వు ఇక్కడ ఉంటావా?" అన్నాడు.

అలాంటి ప్రశ్నలకి మా ఆయన నేర్పిన జవాబులు ఉన్నాయి. ఎవరు అడిగినా అంతా సవ్యంగా ఉందని, కాగితాలు నడుస్తున్నాయని చెప్పాలి. ఆ వారంలోనే ఆయన ఆఫీసులో ఇంకో ఇద్దరిని తీసేశారు. మా పెట్టెల్లో రెండు అప్పటికే మంచం కింద నుంచి బయటికి వచ్చి ఉన్నాయి.

"తెలియదు. నాకు చాలా భయంగా ఉంది," అన్నాను. ఆ మాట అంత తిన్నగా నేను మా ఆయనతో కూడా ఎప్పుడూ అనలేదు.

పెద్దాయన మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ నెలలోనే ఆయనకి ఎనభై ఒకటి నిండాయి.

"నాకూ," అన్నాడు.

తర్వాత నీళ్ళ డబ్బా నా చేతికిచ్చి, గింజలు కదలకుండా మెల్లగా పొయ్యమన్నాడు.